మాల తీసిన మర్నాడు: మందు మానాక నిలబడడం ఎలా

నేను నాలుగుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. నాలుగుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. నాలుగుసార్లూ నలభై రెండో రోజు రాత్రికి తాగి పడి ఉన్నాను. నాలుగోసారైతే రాత్రి దాకా కూడా ఆగలేదు. శబరిమల నుంచి వచ్చి విజయనగరం స్టేషన్‌లో దిగాం, ఇంటికొచ్చాను, మా అమ్మ చేత్తో మాల తీయించుకున్నాను, ప్రసాదం పంచడానికని బయల్దేరాను. వీధి చివర పాత నేస్తం నిలబడి ఉన్నాడు. "ఏటి స్వామీ, మాల తీసీసావు కదా, ఇంకేటి, రా" అన్నాడు. అరవణ డబ్బా చేతిలో ఉండగానే వెళ్లాను.

మా వీధిలో అందరూ "వాడికి మనసు గట్టిది, తల్చుకుంటే మానగలడు" అనేవారు. నేనూ అదే నమ్మి పదేళ్లు పాడుచేసుకున్నాను. మానడం నాకు బాగానే వచ్చు, ఏటా ఒకసారి చేసి చూపించాను కదా. మానిన చోట నిలబడడమే రాదు. అవి రెండూ వేరువేరు పనులని, రెండో పనికి వేరే పనిముట్లు కావాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఐదోసారి మాల వేసుకున్న రెండో రాత్రి పీఠం దగ్గర నాకు ఫిట్స్ వచ్చాయి. స్వామి పూనాడనుకుని చుట్టూ ఉన్నవాళ్లు శరణు ఘోష ఎత్తుకున్నారట. వాళ్లలో ఒకాయన ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన ఒక్కడే నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయించాడు. ఆయన లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆరేళ్లు దాటింది. మధ్యలో ఒకసారి జారాను, అదీ చెబుతాను. ఘంటస్తంభం దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. డాక్టర్ని కాను. వైద్యం సంగతులు డాక్టర్లు చెప్పగా నేర్చుకున్నవి, మిగతావి తగిలించుకుని నేర్చుకున్నవి.

ముందు లెక్క రాయండి

మానాలనుకున్న రోజే మానేయకండి. ముందు వారం రోజులు ఎంత తాగుతున్నారో చీటీ మీద రాయండి. "రోజూ కొంచెమే" అన్నది లెక్క కాదు.

మన బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. డాక్టర్లు పది గ్రాములను ఒక డ్రింక్‌గా లెక్క వేస్తారు. అంటే రోజూ ఒక క్వార్టర్ తాగేవాడు ఆరు డ్రింకులు తాగుతున్నట్టు. నైన్టీ అంటే మూడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా సుమారు నాలుగు. "బీరే కదా" అనేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదువుకోండి. నాటు సారాకి లెక్కే లేదు, ఎంత ఘాటో కాచినవాడికే తెలీదు.

తర్వాత నాలుగు ప్రశ్నలు. ప్రపంచమంతా డాక్టర్లు అడిగేవే ఇవి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు పడ్డారా? తాగినందుకు తప్పు చేశానని బాధపడ్డారా? పొద్దున్న లేవగానే చేతులు నిలవడానికో తలనొప్పి పోవడానికో ఒక గుక్క వేశారా? రెండింటికి అవునంటే డాక్టర్ని కలవాల్సిన మనిషి కింద లెక్క. నాలుగోదానికి అవునంటే కింద రాసిన భాగం చదవకుండా మాత్రం మానకండి.

ఒంటరిగా అనిపిస్తే ఇంకో లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. తాగుడుకి బానిసైనవాళ్లలో ఏదో ఒక సాయమైనా అందింది 38 మందిలో ఒక్కరికే. మిగతా 37 మందీ ఒట్లు పెట్టుకుంటూ ఉంటారు. పిల్లల తల మీద, అమ్మవారి గుళ్లో, కర్పూరం ఆర్పి. నేను మూడు రకాలూ పెట్టాను.

ఒక్కసారిగా మానితే ఏమవుతుంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మద్యం మెదడుకి బ్రేకు వేస్తుంది. రోజూ బ్రేకు పడుతుంటే బండి ఆగిపోకుండా మెదడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం అలవాటు చేసుకుంటుంది. ఏళ్ల తరబడి అలా నడిచాక ఒక రోజు మీరు బ్రేకు మీంచి కాలు తీసేశారు. యాక్సిలరేటర్ మాత్రం తొక్కే ఉంది. సాలూరు ఘాటీలో లోడు లారీ దిగుతున్నట్టు ఊహించుకోండి. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, అన్నీ అందుకే. మనసు బలహీనతకీ దీనికీ సంబంధం లేదు.

చివరి గ్లాసు పడ్డాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకి సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి జ్వరం, మతి తప్పడం, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టకపోవడం, గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులపడం కనిపిస్తాయి. మా వైపు దీన్ని గాలి సోకిందంటారు. యంత్రం కట్టించడానికి తీసుకెళ్తారు. అది గాలి కాదు. ప్రాణం పోగలిగిన జబ్బు, అప్పటికప్పుడు ఆసుపత్రిలో చేర్చాలి.

మరో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మానిన ప్రతిసారీ ఈ బాధ ఇంకాస్త గట్టిగా రావచ్చు. మొదటి నాలుగు మాలలప్పుడు వణుకుతో పోయింది. ఐదోసారి ఫిట్స్ దాకా వచ్చింది. "పోయినసారి ఏటీ కాలేదు కదా" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు.

కాబట్టి నెలల తరబడి రోజూ క్వార్టరు, అంతకు మించి తాగేవాళ్లు, పొద్దున్నే తాగేవాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ జరిగినవాళ్లు, పెద్ద వయసువాళ్లు, కామెర్లు వచ్చినవాళ్లు, నిద్రమాత్రలు కూడా వాడేవాళ్లు ఇంట్లో మానకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా తాగేదాన్ని పెంచకండి, హఠాత్తుగా ఆపనూ ఆపకండి. మాల వేసుకోవాలని ఉంటే పది రోజుల ముందు డాక్టర్ని కలవండి. మందులతో దింపించుకుని అప్పుడు వేసుకోండి.

ఆసుపత్రిలో చేసే పని సులువే. ఆ యాక్సిలరేటర్‌ని మెల్లగా వదిలించే మాత్రలు ఐదు నుంచి పది రోజుల పాటు రోజురోజుకీ తగ్గిస్తూ ఇస్తారు. వాటితో పాటు బి1 విటమిన్ ఇంజెక్షన్. ఈ బి1 సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లలో తాగి నీరసపడిన మనిషిని ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకెళ్తే ముందుగా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. ఒంట్లో బి1 లేని మనిషికి ముందు గ్లూకోజు ఎక్కితే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. "బాబూ, రోజూ తాగే మనిషి, ముందు బి1 ఇయ్యండి" అని నోరు తెరిచి చెప్పండి. ఏమీ అనుకోడు.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న గట్టి సామాను జరపండి. చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి, నీళ్లు పోయకండి. టైము చూసుకుని 108కి చెయ్యండి.

ఎక్కడికి వెళ్లాలి

విజయనగరంలో, శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. శ్రీకాకుళందాన్ని జనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు. ఓపీలో "మానసిక వైద్యం" అని అడగండి. ఆ మాట అనడానికి సిగ్గయితే "మందు మానడానికి" అనండి, చీటీ రాసే అమ్మాయి అలాంటివాళ్లని రోజూ చూస్తుంది. కేసు గట్టిదైతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపుతారు. "పిచ్చాసుపత్రి" అన్న పేరు విని మా అన్నయ్య నన్ను బస్సులోంచి దింపేయబోయాడు. ఆ పేరుకి భయపడి వెళ్లక చచ్చిపోయినవాళ్లు లోపలికెళ్లి చచ్చిపోయినవాళ్ల కన్నా ఎక్కువ.

వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే రెండు నంబర్లు. 14416 టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. 14446 మత్తు మాన్పించడానికి ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. రెండూ ఉచితం.

ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్ల విషయంలో కళ్లు తెరుచుకుని ఉండాలి. మంచివి ఉన్నాయి. మనిషిని రాత్రికి రాత్రి జీపులో ఎత్తుకెళ్లి మూడు నెలలు గదిలో పడేసేవీ ఉన్నాయి. చేర్చే ముందు అడగాల్సినవి: మానసిక వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వస్తాడు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉందా, ఇంట్లోవాళ్లు ఫోన్లో మాట్లాడొచ్చా. చివరి ప్రశ్నకి "మూడు నెలల దాకా కుదరదు" అంటే లేచి వచ్చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నేరం, మత్తు వ్యసనం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.

మాత్రలు

మూడు నాలుగు రకాలున్నాయి. తాగాలన్న యావ తగ్గించేది నాల్‌ట్రెక్సోన్. మానాక వచ్చే అశాంతిని సర్దేది అకాంప్రోసేట్. లివర్ దెబ్బతిన్నవాళ్లకి బాక్లోఫెన్ ఇస్తుంటారు. ఏది ఎవరికన్నది డాక్టర్ చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న పలాస, కవిటి, సోంపేట, ఉద్దానం వైపు వాళ్లకి మాత్రం ఒక మాట: అకాంప్రోసేట్, బాక్లోఫెన్ రెండూ కిడ్నీల గుండానే బయటికి పోతాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు లేకుండా ఇవి మొదలుపెట్టకండి. ఒళ్లునొప్పుల మాత్రలు కూడా అడక్కుండా మింగకండి, తాగుడుతో పాటు అవి కూడా కిడ్నీలని తినేస్తాయి.

ఇంకొకటి డైసల్ఫిరామ్. ఇది వేసుకున్నాక తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ తాగినా ఇదే పరిస్థితి. తెలిసి, ఒప్పుకుని వేసుకునే మనిషికి ఇది మంచి కాపలా. తెలియకుండా పప్పులో కలిపి పెట్టడం మాత్రం హత్యాయత్నంతో సమానమని నా లెక్క. "తెలియకుండా కలిపి పెట్టండి, వారంలో మానేస్తాడు" అని బస్సుల మీద, గోడల మీద కనిపించే పొడుల్లో ఏం ఉందో ఎవరూ చెప్పరు. పసరు మందులదీ అదే కథ.

నలభై రెండో రోజు

ఇప్పుడు అసలు పని.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక రాత్రి నిద్ర పట్టక కూర్చుని నాకు నేనే ప్రశ్న వేసుకున్నాను. ఇంటర్వెల్ లేకుండా తాగే నేను ఆ 41 రోజులూ ఎలా ఆగాను? దేవుడి దయ అనొచ్చు, కాదనను. కానీ దీక్షలో నా చుట్టూ ఏముండేవో చీటీ మీద రాశాను.

తెల్లారకట్ల నాలుగింటికి లేవడం. చన్నీళ్ల స్నానం. మధ్యాహ్నం వేళకి భిక్ష. సాయంత్రం, అంటే రోజూ గ్లాసు పట్టుకునే అదే టైముకి, పీఠం దగ్గర పది మందితో భజన. నల్లబట్టలు చూసి ఎవరూ "ఒక్క పెగ్గు" అనకపోవడం. పాత నేస్తాలు ఎదురుపడినా దూరంగా దణ్ణం పెట్టి తప్పుకోవడం. అందరూ "స్వామీ" అని పిలవడం. తాగుబోతుని పదేళ్లుగా ఎవరూ గౌరవంగా పిలవరు, ఆ ఒక్క పిలుపుకే మనిషి సగం నిటారుగా నిలబడతాడు.

మాల తీయగానే ఇవన్నీ ఒక్క రోజులో పోయేవి. తాగుడు తిరిగి రావడంలో వింతేముంది? నా మనసు ఆ 41 రోజులూ గట్టిగా ఏమీ లేదు. చుట్టూ కట్టిన పందిరి గట్టిది. మరి నలభై రెండో రోజు పందిరి విప్పకుండా ఉండాలి. మాల లేకుండా, తేదీ లేకుండా. నేను చేసింది ఇదీ, మీ చుట్టూ ఏం దొరికితే దాంతో చేసుకోండి.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు ప్రమాదం. ఆ మూడు గంటలనీ మనుషులతో నింపాను. ఏడాది పాటు మా వీధి రామమందిరంలో చెక్క భజనకి వెళ్లాను, నాకు తాళం కూడా రాదు. వేరేవాళ్లకి అది వాలీబాల్ కావచ్చు, పిల్లల హోంవర్కు కావచ్చు, చర్చి కావచ్చు. ఒంటరిగా ఇంట్లో టీవీ చూడడం మాత్రం లెక్కలోకి రాదు.

దారి మార్చాను. షాపు మూసి ఇంటికి వెళ్లే దారిలో వైన్ షాపు ఉంది. కోట వైపు చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి, పావుగంట ఎక్కువ. మొదట్లో నవ్వుగా ఉండేది. ఇప్పటికీ అదే దారి.

డబ్బు చేతిలో ఉంచుకోలేదు. శనివారం బట్వాడా నేరుగా నా భార్య ఖాతాలో వేయమని మా షావుకారికి చెప్పాను. ఫోన్‌లో ఫోన్‌పే తీసేశాను. జేబులో క్వార్టరుకి సరిపడా డబ్బుంటే చాలు, కాలు అటే పోతుంది.

నల్లబట్టలకి బదులు ఒక మాట తయారు చేసుకున్నాను. "లివర్ పోయిందన్నారు, చుక్క పడితే చస్తాను." మన వైపు "మానేశాను" అంటే పందెం వేసి మరీ తాగిస్తారు. "డాక్టరు వద్దన్నాడు" అంటే వదిలేస్తారు. సగం అబద్ధమే, నాకు సిగ్గు లేదు. ఆ వాక్యం అద్దం ముందు పదిసార్లు అని చూసుకోండి, అవసరమైనప్పుడు తడుముకోకూడదు.

పిలుపు విషయం కష్టం. "స్వామీ" అనే నోళ్లు మళ్లీ "ఒరే" అంటాయి. దానికి నా దగ్గర మందు లేదు. రెండేళ్లు పట్టింది.

ఆ ఇరవై నిమిషాలు

తాగాలన్న యావ సముద్రంలో అలలాంటిది. భీమిలి గట్టు మీద కూర్చుని చూడండి, ఎంత పెద్ద అలైనా లేచి విరిగి వెనక్కి పోవాల్సిందే. ఇది కూడా సాధారణంగా పదిహేను నిమిషాల నుంచి అరగంటలో దిగిపోతుంది. దాంతో పోట్లాడకండి. గడియారం చూసి, పదికి ఎంతుందో రాయండి. ఎనిమిది. ఐదు నిమిషాలయ్యాక మళ్లీ రాయండి. పది రోజులు రాస్తే, అది దిగుతుందని మీ చేతిరాతే మీకు చెబుతుంది.

అల లేపేవి ఒక్కొక్కరికి ఒక్కోటి. నాకు ప్లాస్టిక్ గ్లాసు నలిగే చప్పుడు. షాపులో పెయింట్ థిన్నర్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన. మిరపకాయ బజ్జీ మీద ఉల్లిపాయ, నిమ్మరసం. మొదటి మూడు నెలలు థిన్నర్ అమ్మకం కుర్రాడికి అప్పజెప్పాను. మీవి మీరు రాసుకోండి. వీటన్నిటి కింద మాత్రం ఎప్పుడూ నాలుగే ఉంటాయి: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. యావ పుట్టగానే ముందు ఏదైనా తినండి. చద్దన్నం పెరుగు, వేపిన శనగలు, అరటిపండు, ఏదో ఒకటి. నేను తాగుడనుకున్న దాంట్లో సగం ఆకలే.

తర్వాత ఫోన్. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో ఒక వ్యాపారి హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. తాగుడు మాని ఐదు నెలలైంది, వచ్చిన పని చెడింది, ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. అతను ఊళ్లోని చర్చిలకి వరసగా ఫోన్లు చేసి, మాట్లాడడానికి ఇంకో తాగుబోతు కావాలని అడిగాడు. అలా దొరికినవాడు ఒక సర్జన్. వాళ్లిద్దరితో మొదలైందే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఎ.ఎ. అంటారు. ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు. మీటింగు దగ్గర్లో లేకపోతే ఫోన్లో చేరే మీటింగులూ ఉన్నాయి. మానిన ఇంకో మనిషి నంబరు మీ ఫోన్లో మొదటి పేరుగా ఉండాలి. నాది "అప్పలస్వామి కిరాణా" అని సేవ్ చేసుకున్నాను. ఆయన పేరు అది కాదు, కిరాణా వ్యాపారీ కాదు.

జారడం గ్లాసు దగ్గర మొదలవదు

పద్నాలుగు నెలలు నిలబడ్డాక నేను జారాను. పలాస దగ్గర మా మేనమామ పెదకార్యం. భోజనాలయ్యాక కొబ్బరితోటలో కుర్చీలు వేశారు, బావమరిది గ్లాసు అందించాడు, తాగాను. చాలా కాలం కథ అక్కడే మొదలైందని చెప్పుకున్నాను.

కౌన్సిలర్ నా చేత వెనక్కి రాయించారు. పెదకార్యానికి రెండు వారాల ముందు షాపులో లెక్క తేడా వచ్చి షావుకారుతో మాట పట్టింపు. ఆ రాత్రి నుంచి నిద్ర సరిగా లేదు. పది రోజుల ముందు మాత్రలు అయిపోతే "ఇంకెందుకులే, నయమైపోయింది" అనుకున్నాను. వారం ముందు భజనకి వెళ్లడం మానాను. మూడు రోజుల ముందు "ప్రయాణ ఖర్చులకి" అని భార్యని వెయ్యి అడిగి పుచ్చుకున్నాను, టికెట్టు ఎంతో నాకు తెలుసు. ముందు రోజు ఆ "కిరాణా" ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. గ్లాసు అందేసరికి చెయ్యి అప్పటికే చాచి ఉంది.

గుర్తులివే: భోజనం దాటేయడం, మాత్ర మర్చిపోవడం, చిన్నదానికి విసుక్కోవడం, పాత రోజులు కమ్మగా గుర్తుకు రావడం, చిన్న అబద్ధం ఒకటి ఆడడం, చెప్పని డబ్బు కొంచెం దాచడం, "వాళ్ల మధ్య కూర్చుని స్ప్రైట్ తాగుతా, చూద్దాం" అని పరీక్ష పెట్టుకోవడం. వీటిలో మూడు ఒకే వారంలో కనిపిస్తే డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోండి. పరీక్ష మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి.

పండుగలకి ముందే ఏర్పాటు ఉండాలి. భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు, మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర. తొలేళ్ల నుంచి, అంటే జాతర ముందు రోజు నుంచి, ఇంటి నిండా చుట్టాలు, వేటమాంసం, డాబా మీద సీసాలు. మొదటి ఏడాది నేను ఊళ్లోనే లేను, అత్తారింటికి వెళ్లిపోయాను. అమ్మవారికి కోపం రాలేదు. రెండో ఏడాది ఉన్నాను గానీ, మూడు లాంతర్ల దగ్గర పిల్లల్ని భుజానెక్కించుకుని సిరిమాను ఉత్సవం చూసి, తిన్నగా ఇంటికొచ్చి, మాంసం కూర రెండుసార్లు వడ్డించుకుని పడుకున్నాను. డాబా ఎక్కలేదు.

జారిన రాత్రి

ఆ తోటలో ఒక గ్లాసు తాగాక నా బుర్రలో ఒకే మాట తిరిగింది: "ఎలాగూ పోయింది." దాంతో నాలుగు రోజులు తాగాను. ఒక గ్లాసు చేసిన చెరుపు కన్నా ఆ మాట చేసిన చెరుపు ఎక్కువ. ఎక్కాల్సిన మెట్లు వంద ఉంటే, యాభయ్యో మెట్టు మీద కాలు జారిన మనిషి నలభై తొమ్మిదో మెట్టు మీద లేచి నిలబడతాడు గానీ కిందికి దొర్లుకుంటూ వెళ్లడు కదా. తాగుడులో మాత్రం అదే చేస్తాం.

అందుకని ఇది ముందే రాసి పర్సులో పెట్టుకోండి. గ్లాసులో మిగిలింది పారబొయ్యి. ఆ చోటు వదిలెయ్యి, చెప్పులు దొరక్కపోయినా. ఆ రాత్రే ఒక్కరికి నిజం చెప్పు. ఒంటరిగా పడుకోకు. మర్నాడు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. డైసల్ఫిరామ్ మీద ఉండి తాగితే మర్నాడు దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రి. నాలుగైదు రోజులు తాగేసి ఉంటే మళ్లీ హఠాత్తుగా ఆపొద్దు, వణుకు, ఫిట్స్ సంగతి పైన చదివారు కదా. కుదుటపడ్డాక రెండు వారాలు వెనక్కి రాయి.

రోజుల లెక్క సున్నా నుంచి మొదలుపెట్టకండి. పద్నాలుగు నెలల్లో నాలుగు రోజులు తాగాను, మిగతావి తాగలేదు, నా లెక్క అది. చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి మళ్లీ తిరగబెడుతుందని మత్తు వ్యసనాల మీద పరిశోధన చేసే అమెరికా జాతీయ సంస్థ చెబుతుంది. బీపీ, ఆస్తమా తిరగబెట్టడం కూడా ఆ స్థాయిలోనే ఉంటుందట. బీపీ పెరిగినవాణ్ణి సిగ్గులేనోడా అని ఎవరూ తిట్టరు, మాత్ర మారుస్తారు. ఇందాకటి కథలోని సర్జన్ కూడా ఆ వ్యాపారిని కలిసిన కొద్ది వారాలకే ఒక ప్రయాణంలో జారాడు. లేచాడు. 1935 జూన్ 10న ఆఖరి చుక్క తాగాడు. ఆ తేదీనే ఎ.ఎ. తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

గంజాయి, మాత్రలు వాడే కుర్రాళ్లకి

నా అనుభవం మందుతోనే, కాబట్టి క్లుప్తంగా. గంజాయి మానితే సాధారణంగా ఫిట్స్ రావు, కానీ రెండు మూడు వారాలు నిద్ర, ఆకలి ఉండవు, చిరాకు తారస్థాయిలో ఉంటుంది. ఎవరో తనని వెంటాడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని కుర్రాడు అంటే కొట్టకండి, మానసిక వైద్యుడికి చూపించండి. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, హెరాయిన్ లాంటివి మానినవాళ్లకి వేరే ప్రమాదం ఉంది. కొన్ని వారాలు మానాక ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. అదే పాత డోసు మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి రానివాళ్లు చాలామంది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: కొద్ది పరిమాణంతో పట్టుబడిన, లేదా వాడినందుకు కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చి పూర్తి చేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. అమ్మేవాళ్లకి ఇది వర్తించదు.

ఇంట్లోవాళ్లకి

ఈ భాగం నా భార్య చెప్పింది, నేను రాస్తున్నాను.

తాగి ఉన్నప్పుడు ఏమీ మాట్లాడొద్దు. పొద్దున్న పదింటికి, ఒంట్లో తక్కువ ఉన్నప్పుడు, ఒక్క సంగతే, ఒక్కసారే చెప్పాలి. "నువ్వు తాగుబోతువి" అనొద్దు. "నిన్న బుజ్జి ఫీజు డబ్బులు పోయాయి, రేపు ఆసుపత్రికి నాతో వస్తావా" అనాలి. అతని బదులు షావుకారికి "జ్వరం" అని ఫోన్ చేయొద్దు. అప్పులు తీర్చొద్దు. అన్నం మాత్రం పెట్టాలి. కొడితే అది జబ్బు కాదు, నేరం. 181కో 112కో ఫోన్ చేసి పుట్టింటికో పక్కింటికో వెళ్లిపోవాలి, మారాక మాట్లాడుకోవచ్చు. ముందు ఆ ఇల్లాలికి తోడు కావాలి, భర్తని బాగుచేసుకోవడం తర్వాత. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. నా భార్య ఏడాది వెళ్లాకే నేను మానాను.

మానాక ఇంకో కష్టం. ఇల్లంతా పోలీస్ స్టేషన్ అయిపోతుంది. నేను పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, తలుపు దగ్గరే నిలబెట్టి నోరు వాసన చూసేది. నా మీద నమ్మకం లేకపోవడం తన తప్పు కాదు, పదేళ్లు నేనే తిన్నాను ఆ నమ్మకాన్ని. కానీ ఆ వాసన చూడడం నన్ను నాలుగుసార్లు వైన్ షాపు దాకా తీసుకెళ్లిందని కౌన్సిలర్ ముందు చెప్పాను. ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి ఎనిమిదింటికి నేనే ఫోన్ చేస్తాను. తను ఒక్క ప్రశ్నే అడుగుతుంది, వాసన గురించి కాదు. "తిన్నావేటి?" అంటుంది. తినలేదంటే పది నిమిషాల్లో మా పెద్దాడు సైకిలు మీద టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకి వచ్చేస్తాడు.